గంగరాజు చేసిన కోనాం

సముద్రం పడని మత్స్యకారుణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. మా ఊళ్ళో ఒకడున్నాడు, పేరు గంగరాజు. నౌపడ ఉప్పుమళ్ళు దాటి తీరానికి వస్తే మొదట కనిపించే వెల్డింగు షాపు అతనిదే. పడవెక్కి పది నిమిషాలైతే చాలు, కడుపులో ఉన్నదంతా కక్కేస్తాడు. కుర్రతనంలో మూడుసార్లు ఎక్కాడు. మూడోసారి అతన్ని దించడానికే పడవని వెనక్కి తిప్పాల్సొచ్చింది. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు, అతను వెల్డింగు నేర్చుకున్నాడు.

పడవ ఇంజన్లు బాగుచేస్తూ, మిగిలిన ఇనపముక్కలతో పీతలూ రొయ్యలూ చెయ్యడం మొదలెట్టాడు. ఖాళీ సీసాలు కోసి, గ్రైండరు మీద నీళ్ళు పోస్తూ అంచులు నున్నగా అరగదీసి, తీగ చట్రాల్లో పొలుసుల్లా బిగిస్తాడు. నేను ఇక్కడి హైస్కూల్లో డ్రాయింగు మాస్టారిని. ఆ పీతల్ని అందరికంటే ముందు మెచ్చుకున్నది నేనే. ఈ సంగతి ఇంకెవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

విజయనగరంలో ఒక కాలేజీ వాళ్ళకి గేటు దగ్గర నిలబెట్టడానికి ఏడడుగుల చేప కావాలంటే గంగరాజు పేరు చెప్పాను. రెండు నెలలు కూర్చుని కోనాం, అదే వంజరం చేప, చేశాడు. ఊరంతా వచ్చి చూసి శభాష్ అన్నారు. నేనైతే చిన్న ఉపన్యాసమే ఇచ్చాను.

కాని గంగరాజుకి మా మెప్పు ఆనలేదు. అతనికి కావలసింది భార్య కూర్మమ్మ నోటి వెంట ఒక మంచిమాట. ఆవిడ ముప్పయ్యేళ్ళుగా టెక్కలి బజార్లో చేపలమ్ముతోంది. చేప విషయంలో ఆవిడ మాటకి ఊళ్ళో తిరుగులేదు. సముద్రానికి పోలేని మొగుడని ఆవిడ ఎన్నడూ అనలేదు. అనకపోవడమే అతన్ని లోపల తినేసేది.

ఆ సాయంత్రం కూర్మమ్మ గంప దించి కోనాం చుట్టూ ఒకసారి తిరిగింది. బజార్లో అలవాటు కొద్దీ రేకు మొప్ప ఎత్తి లోపలికి చూసింది.

"తాజాదే," అంది. "కాని సచ్చిపోనాది."

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. గంగరాజు రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. నాకు ఒళ్ళు మండి, ఏం లోటుందో చెప్పమని వెళ్ళి నిలదీశాను.

"మాస్టారూ, ఈయన సూసిన సేపలన్నీ నా గంపలోవే," అంది కూర్మమ్మ. "నోరు తెరుసుకోని, రెక్కలు ఒంటికి అంటుకోని, బూడిదరంగులో ఉంటాయి. అలాగే సేసినాడు. నీటిలో ఈదతన్నది ఎప్పుడైనా సూసినాడేటి?"

నిజానికి నేనూ చూడలేదు.

కాలేజీ వాళ్ళు రావడానికి ఇంకా వారమే ఉంది. గంగరాజు బావమరిది ధనరాజు దగ్గరికి వెళ్ళాడు.

"ఒరే, రేపు నన్నూ ఎక్కించుకో."

"బావా, ఈపాలి ఎనక్కి తిప్పను మరి!"

"తిప్పొద్దు."

ఆ పైన జరిగింది ధనరాజు ఇప్పటికీ పొట్ట పట్టుకుని చెబుతాడు. అలలు విరిగే అలవిరుపు దాటగానే గంగరాజు పడవ అంచు మీద బోర్లా పడి కక్కడం మొదలెట్టాడు. ఆ కక్కిందాని కోసం చిన్నచేపలు గుంపుగా పైకొచ్చాయి. వాటిని తరుముతూ ఒక కోనాం సరిగ్గా అతని మొహం కిందనుంచి దూసుకుపోయింది. నోరు బిగించి, వీపు నీలంగా మెరుస్తూ పోయింది. కళ్ళలో నీళ్ళు, మూతికి ఎంగిలి, అయినా గంగరాజు పిచ్చివాడిలా నవ్వాడట.

తిరిగొచ్చి కోత మిషను పట్టుకుని తను చేసిన చేప తల కోసేశాడు. బూడిదరంగు సీసాపెంకులన్నీ ఊడబెరికి వీపుకి నీలం, ఆకుపచ్చ గాజు బిగించాడు. పక్కలకి మెరిసే స్టీలు రేకు వేసి, దానిమీద తెల్లగాజు పరిచాడు. నోరు మూసి తల మళ్ళీ అతికించాడు, రెక్కలు విప్పాడు. ఆ మిగిలిన రోజులన్నీ షాపులోనే తిన్నాడు.

కాలేజీ వ్యాను వచ్చిన రోజు కూర్మమ్మ బజారుకి పోలేదు. పొద్దుటి ఎండ గాజు మీద పడుతుంటే చాలాసేపు అలాగే నిలబడింది. గంగరాజు వ్యానులోకెక్కించిన చేపకి తాడు బిగిస్తున్నట్టు నటిస్తూ ఓరగా ఆవిడనే చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏటే, ఏటీ అనవేటి?"

"సేప కంటబడితే సాలు, ఎన్ని ముక్కలొస్తాయా అని సూసే బతుకు నాది," అంది కూర్మమ్మ. "దీన్ని సూత్తే అలాగ లేదు మావా. ఎల్లిపోనీ అనిపిత్తన్నాది. ఎవులికీ సిక్కకుండా అలాగ ఎల్లిపోనీ."

గంగరాజు తాడు వదిలేసి, అందరి ముందూ ఏడ్చేశాడు. డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. చివరికి ఆ తాడు నేనే కట్టాల్సి వచ్చింది.