ఎస్టర్ వాసన

ఆల్కహాలూ ఆమ్లమూ కలిసి కాస్త నీటిని వదిలేస్తే పుట్టేది ఎస్టర్. మామిడిపండులో, అరటిపండులో ఆ కమ్మదనం చాలావరకు దాని చలవే. తిరుపతిలో డిగ్రీ పిల్లలకు ఏటా ఈ మాట చెబుతూ వచ్చాను. కరోనా జ్వరం తగ్గాక నా ముక్కుకే వాసన తెలియకుండా పోయింది. మామిడి కాలంలో చిత్తూరు దారిలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు బస్సు పోతుంటే అందరూ వాసన పీల్చుకుంటున్నారు. నాకు వేడిగాలి తప్ప ఏమీ తగల్లేదు. కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

మా విభాగం పెద్దాయన మంచివాడే. ఎస్టర్ పరీక్షకు ముక్కే సాక్షి కదా, ప్రాక్టికల్స్ ఇంకొకరికి ఇస్తానన్నాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది.

"ముక్కు పోతే ఏం సార్, బుర్ర ఉండాది. ల్యాబ్ వదిలిపెట్టను."

ఈ ఒక్క క్లాసు చూసి చెబుతానని ఆయన వెనక స్టూలు మీద కూర్చున్నాడు.

పిల్లలు స్పిరిట్టూ ఎసిటిక్ ఆమ్లమూ కలిపి, సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కలు వేసి, వేడినీళ్లలో ఉంచి, సోడా ద్రావణంలో పోశారు. వాసన చూడకముందే అందరూ రికార్డులో 'పండ్ల వాసన' అని రాసేశారు. పుస్తకంలో అలాగే ఉంది మరి. అది కొట్టేయండి, మీ ముక్కు ఏం చెబితే అది చెప్పండన్నాను. నెయిల్ పాలిష్ అన్నారు కొందరు. పంక్చర్ షాపు బంక అన్నాడొకడు. చివర్న నిలబడ్డ పలమనేరు పిల్ల తల దించుకుంది.

"సూది యేసే ముందు దూదితో తుడస్తారే, ఆ వాసనే ఉండాది మేడం."

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. స్పిరిట్టు స్పిరిట్టుగానే ఉందంటే ఆమ్లంతో కలవలేదన్నమాట. సల్ఫ్యూరిక్ చుక్కలు వేశావా అని అడిగాను. ఆ సీసా చూస్తేనే భయమని ఒప్పుకుంది. పక్కన నిలబడి మళ్లీ మొదటి నుంచీ చేయించాను. ఈసారి పీల్చగానే దాని ముఖం విప్పారింది.

పెద్దాయన లేచి, వచ్చే వారం ప్రాక్టికల్‌కు ఏమేం సామాన్లు కావాలో నన్నే చెప్పమని వెళ్లిపోయాడు.

నేనూ ఆ పిల్ల బీకరును ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఏమీ రాలేదు. బాధేసింది, లేదని ఎందుకనాలి?

"నాకు తెలీదమ్మా, నువ్వే చెప్పాల. ఎట్లుండాది?"

ఆ పిల్ల కళ్లు మూసుకుని ఇంకోసారి పీల్చింది.

"నెయిల్ పాలిష్ మాదిరే మేడం. కానీ అడుగున యాడో పండు ఉండాది."

రాసుకో అన్నాను.