ఎంపిక రోజు నీళ్ళు అడిగాను

నా చిన్నప్పుడు, అంటే పద్నాలుగో ఏట, కృష్ణానగర్‌లో మా కిరాయి గది పక్కనే ఒక అక్క ఉండేది. సినిమా పాటల్లో గ్రూప్ డాన్సర్. కోస్తా నుంచి వచ్చిన మనిషి. మాట మెత్తన, పట్టు మాత్రం ఉడుంపట్టు. వేసవి సెలవులివ్వగానే నన్ను రిహార్సల్ షెడ్డుకు తీసుకెళ్ళింది. సెలవులు ముగిసేలోగా ఒక పాటకు పిల్లల గ్రూపును ఎంచుతారని తెలిసి, ముందు వరసలో నిలబడాలని నేను తెగ ఆశపడ్డాను.

మొదటి రెండు వారాలు ఇరగదీశాను. ఈ మాట నేనే చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పరు. ఆ తర్వాత ఏమైందో, అవే స్టెప్పులు, అదే రేకుల షెడ్డు, పది నిమిషాలకే గుండె దడదడలాడేది, మొహం కందిపోయేది. డాన్స్ మాస్టర్ నన్ను చివరి వరసకు తోసేశారు. ఇంకో రెండు వారాలు అలాగే ఈడ్చి, నాకు డాన్స్ రాదని తేల్చేసుకుని, ఒకరోజు ముసుగుతన్ని పడుకున్నాను.

మొదటి రోజు నుంచీ అక్క ఒక వింత పని చేసేది. ఎండాకాలం జ్వరాల రోజులని అమ్మకు చెప్పి, పొద్దున్నే నేను పక్క మీంచి లేవకముందే నా నాలుక కింద థర్మామీటర్ పెట్టేది. ఆ ముసుగు తన్నిన రోజు తన గది గోడ మీది క్యాలెండర్ తీసుకొచ్చి నా ముందు పరిచింది. ప్రతి తేదీ కింద నా ఒంటి వేడి, పక్కన నేను ఎలా ఆడానో పెన్సిల్‌తో రాసి ఉంది. వేడి కాస్త పెరిగిన రోజులూ నేను చతికిలబడ్డ రోజులూ ఒకటే. దానికి ముందురోజే నాకు డేట్, అంటే నెలసరి, వచ్చింది.

"నీకు రాక కాదమ్మా. డేట్ ముందు మన ఒళ్ళు కాస్త వేడిగానే ఉంటుంది. దానికి ఈ రేకుల వేడి తోడైతే తొందరగా ఆయాసం వస్తుంది, అంతే," అంది అక్క.

బియ్యం ఏరుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. "మాకు గీ ముచ్చట ఎవ్వరు చెప్పలే," అంది. ఇటుకలు మోసిన రోజుల్లో తనని సోమరిదన్న మేస్త్రీలు అమ్మకు గుర్తొచ్చి ఉంటారు. నాకు జాలేసింది.

మర్నాటి నుంచి మళ్ళీ షెడ్డుకు వెళ్ళాను. ఎంపిక మాత్రం తిరిగి ఆ వేడి రోజుల్లోనే పడింది. బయలుదేరేముందు అక్క నా మెడకు తడి తువ్వాలు చుట్టి, నా చేతులు మోచేతుల దాకా బకెట్ నీళ్ళలో ముంచింది. ఆడేటప్పుడు మధ్యమధ్య నీళ్ళు తాగమంది. చిక్కంతా అక్కడే. షూటింగుల్లో డ్రెస్సు ఒంటి మీదే కుట్టేస్తారు కాబట్టి బాత్రూమ్‌కు వెళ్ళే వీలుండదని సీనియర్లు నీళ్ళు తాగడం మానుకున్నారు. ఆ అలవాటే షెడ్డుకూ వచ్చింది. రిహార్సల్ మధ్యలో నీళ్ళు అడిగినవాళ్ళు పనికిరానివాళ్ళని పేరు.

రెండో రౌండులో కళ్ళు తిరిగినట్లనిపించింది. ఆగిపోయి చెయ్యెత్తాను. "మాస్టర్, నీళ్ళు తాగాలె," అన్నాను. పాట ఆగింది. ముందు వరస ఇక పోయిందనుకున్నాను. ఇంకా ఎవరికైనా కావాలా అని మాస్టర్ వెటకారంగా అడిగారు.

గోడ వారగా సీనియర్ల మధ్య నిలబడ్డ అక్క మెల్లగా చెయ్యెత్తింది. సగంలో ఒకసారి దించేసి మళ్ళీ పైకెత్తింది. నాకు అంత పాఠం చెప్పిన మనిషి, అన్నేళ్ళలో తనకోసం ఒక్కసారీ నీళ్ళు అడగలేదని అప్పుడు తెలిసింది. తర్వాత ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. మాస్టర్ తల గోక్కుని అందరికీ పది నిమిషాలిచ్చారు. ఆ పది నిమిషాల తర్వాత నేను ఆడిన ఆట చూసి, ముందు వరసలో ఎడమ చివర నిలబెట్టారు.

ఆ పాటలో నేను కనిపించేది రెప్పపాటే. ఇప్పుడు అమ్మమ్మనయ్యాను, ఫిల్మ్‌నగర్‌లో ఆడపిల్లలకు డాన్స్ నేర్పుతున్నాను. వెనకబడిన పిల్లను నేనెప్పుడూ కసరను, ఒంట్లో ఎలా ఉందని అడుగుతాను. ఇంత వయసొచ్చినా నలుగురిలో నాకు కావలసింది అడగాలంటే ఒక క్షణం వెనకాడతాను. అయినా అడిగేస్తాను. నా వెనక ఇంకెవరో అడగలేక నిలబడి ఉంటారని నాకు తెలుసు.