తడి వీపు మీద గీత

ఆ గుర్రం వీపు మీద గీత ఉంది. ఆదివారం నేను నా కళ్ళతో చూశాను. గురువారం దాని విత్తులు తీయించారు. మధ్యలో ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. చేయలేదు. ఆ తర్వాత అయిదేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

అరిజోనాలోని చాండ్లర్‌లో మా తెలుగువాళ్ళ మధ్య ఈ కథ వేరేగా చలామణీలో ఉంది. దాన్ని పెంచినావిడకు గుర్రాల పిచ్చి అనీ, లేని చారలు కనపడేవనీ, చివరికి తనే పొరపాటు తెలుసుకుని డాక్టర్ని పిలిపించుకుందనీ చెప్పుకుంటారు. తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లలో పేపర్ ప్లేటులో పులిహోర పెట్టుకుంటూ ఆ కథను అందరికంటే ఎక్కువసార్లు చెప్పినవాణ్ణి నేనే. నవ్వు ఎక్కడ రావాలో నాకు బాగా తెలుసు. అందుకే దాన్ని సరిదిద్దే పని కూడా నా మీదే పడింది.

ఆవిడ మాకు బంధువు కాదు. భర్త నాతోపాటు కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో చేసేవాడు, ఆవిడ ఒక ఆసుపత్రిలో రోగులకు రక్తం తీసేది. కరీంనగర్ వైపు మనిషి. నాకంటే ఆరేళ్ళు పెద్ద. నేను అక్కా అనేవాణ్ణి, ఆవిడ తమ్మీ అనేది. మేమంతా స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇళ్ళకు అప్పులు చేస్తున్న రోజుల్లో వాళ్ళు ఊరికి దక్షిణంగా ఎకరన్నర దుమ్ము కొని, దాని చుట్టూ ఇనప గొట్టాల కంచె వేసి, మూడు గుర్రాలను పెట్టారు. "అమెరికా వచ్చి పేడ ఎత్తుకుంటోంది" అన్నాడు మాలో ఒక పెద్దమనిషి. తన ఇంటి గడ్డి తను కోసుకోవడం కూడా చేతకానివాడు.

అవి స్పానిష్ జాతి గుర్రాలు. ఎప్పుడో స్పెయిన్ వాళ్ళు ఈ ఖండానికి తెచ్చిన గుర్రాల సంతతి. పొట్టివి, గట్టివి. వాటిలో ఆడ గుర్రం ఒకటి ఎలుక రంగుది. ఆ రంగును అక్కడి వాళ్ళు గ్రూయా అంటారు. ఒక పాత రాంచ్ వాళ్ళు తరాలుగా కాపాడుకొచ్చిన వంశపు వరసలో మిగిలిన కొద్దిపాటి వాటిలో అదొకటి. ఆ వరసకు పేరు తెచ్చింది దాని డన్ రంగు.

డన్ అంటే ఒకే రంగు కాదు. గుర్రం అసలు రంగును పలచబరిచే ఒక లక్షణం. ఒళ్ళంతా వెలిసిపోతుంది కానీ వెన్ను వెంట జూలు నుంచి తోక దాకా ఒక గీత మాత్రం ముదురుగా మిగులుతుంది. కాళ్ళ మీద అడ్డచారలు కూడా ఉండొచ్చు. నల్ల గుర్రానికి డన్ వస్తే ఎలుక రంగు, నల్ల గీత. దాన్ని గుడ్డివాడు కూడా గుర్తుపడతాడు. ఎర్ర గుర్రానికి వస్తే ఇటుకపొడి రంగు, ఎర్ర గీత. అదీ తేలికే. చిక్కల్లా అప్పటికే పలచబడి, తెల్ల జూలుతో బంగారు రంగులో ఉండే పాలమీనో గుర్రానికి ఇది వచ్చినప్పుడు. అప్పుడు ఒళ్ళూ పాలిపోతుంది, గీతా పాలిపోతుంది. సున్నం కొట్టిన గోడ మీద సుద్దముక్కతో గీసినట్టు ఉంటుంది. డనలీనో అంటారు. ఎలుక రంగు తల్లికీ పాలమీనో తండ్రికీ పుట్టిన అక్క వాళ్ళ మగ గుర్రప్పిల్ల అలాంటిదని ఆవిడ మాట. జున్ను రంగులో ఉండేది.

ఇక నా సంగతి. చిప్పుల ఫ్యాక్టరీలో నా ఉద్యోగం లోపాలు పట్టడం. వెంట్రుకలో వెయ్యో వంతు గీతను తెర మీద చూసి చెప్పడానికి నాకు జీతమిచ్చేవాళ్ళు. ఆ పొగరుతోనే గుర్రాల్లోకి దిగాను. అక్క ఇంటికి రెండు ఆదివారాలు భోజనానికి వెళ్ళి, నాలుగు వ్యాసాలు చదివి, ఒక స్ప్రెడ్‌షీట్ తయారుచేసి, ఆ గుర్రాల సంఘంలో సభ్యుణ్ణయ్యాను. ఏడాది తిరక్కుండా రంగుల కమిటీలో ఉన్నాను. నా గొప్పతనమేం లేదు. ఆ కమిటీలో ఉన్న మిగతా ముగ్గురికీ ఫోటోలు అప్‌లోడ్ చేయడం రాదు. జీవితమంతా జీను మీద గడిపిన ముసలివాళ్ళు. గుర్రాన్ని దగ్గర నుంచి కూడా సరిగ్గా చూడని నా మాటకు వాళ్ళు తలలూపేవాళ్ళు, నా రిపోర్టులో గ్రాఫులు ఉండేవి కాబట్టి. గ్రాఫు ముందు మనిషి ఎంత తొందరగా మోకరిల్లుతాడో అక్కడే చూశాను. నాకది నచ్చింది కూడా.

ఆ పిల్లకు రెండేళ్ళు రాబోతున్నాయి. అక్క తల్లి గుర్రాన్ని కొన్నప్పుడు పాత రాంచ్ వాళ్ళు ఒక షరతు పెట్టారు. దానికి పుట్టిన మగపిల్లకు డన్ ఉందని కమిటీ ఒప్పుకుంటే వరస నిలపడానికి మగ గుర్రంగానే ఉంచాలి. ఒప్పుకోకపోతే రెండేళ్ళు నిండేలోగా విత్తులు తీయించాలి. అప్పటికి ఆ వరసలో మిగిలిన మగ గుర్రం ఒకటే, అదీ ముసలిది. వెంట్రుకతో రంగు తేల్చే నమ్మదగిన జన్యు పరీక్ష ఇంకా రాలేదు. అంటే నిర్ణయమంతా చూపు మీదే.

కమిటీ నియమం ప్రకారం వేసవి బొచ్చులో, ఎండలో తీసిన ఫోటోలు నాలుగు కావాలి. అరిజోనాలో కూడా రాత్రిళ్ళ చలికి గుర్రాలకు శీతాకాలంలో ఒత్తుగా బొచ్చు పెరుగుతుంది, అందులో ఇలాంటి గీత మునిగిపోతుంది. నేను ఫిబ్రవరిలోనే ఫోటోలు అడిగి తెప్పించుకున్నాను. క్వార్టర్ ముగిసేలోగా లిస్టు మూసెయ్యాలన్న ఫ్యాక్టరీ జబ్బు నాది. ఆ ఫోటోలను సిలికాన్ పలకల్ని చూసినట్టే చూశాను. వెన్ను మీద, పక్కల మీద వెలుగు కొలిచాను. ఆ రెంటి తేడా కెమెరా వల్ల మామూలుగా వచ్చే మసకకంటే తక్కువ వచ్చింది. పదకొండు పేజీలు రాసి, చివర "వెన్ను గీత లేదు, పాలమీనో" అని తేల్చాను. బొచ్చు గుర్రాన్ని ఫోటోలో కొలిచి రంగు తేల్చిన మూర్ఖుడు ఆ సంఘం పుట్టాక నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అక్క కమిటీకి చిన్న ఉత్తరం రాసింది. మే నెల దాకా ఆగండి, బొచ్చు రాలాక నీళ్ళు కొట్టి చూడండి, తడి మీద కనపడుతుంది అని. దానికి నేను అందరికీ వెళ్ళేలా జవాబిచ్చాను. నీళ్ళు పోస్తే మురికి పోతుంది కానీ జన్యువులు రావు అని. అధ్యక్షుడు మీటింగులో దాన్ని పైకి చదివాడు. జాతర మైదానం పక్కన రేకుల హాలు, కాఫీ పాత్ర, ఇరవై మంది టోపీలు. అందరూ నవ్వారు. అక్క రెండో వరసలో కూర్చుని ఉంది. ఆవిడ కూడా నవ్వింది. ఎదుటివాళ్ళు నవ్వుతుంటే ఒక్కరే నవ్వకుండా ఉండటం కష్టం.

మేలో ఒక ఆదివారం భోజనానికి పిలిచింది. నేనైతే పిలిచేవాణ్ణి కాదు. భర్త ఊళ్ళో లేడు, నా భార్య వంటింట్లో ఆవిడతో ఉంది. నేను దొడ్లోకి వెళ్ళాను. పిల్ల గుర్రం మెస్కీట్ చెట్టు నీడలో కట్టేసి ఉంది. చలికాలపు బొచ్చంతా రాలిపోయి నున్నగా మెరుస్తోంది. పక్కనే తొట్టిలోకి నీళ్ళ గొట్టం కారుతోంది. అక్క మాట ఎంత తప్పో నాకు నేనే చూపించుకుని ఇంకోసారి నవ్వుకుందామని గొట్టం తీసి దాని వీపు మీద పట్టాను.

గీత లేచింది. జూలు చివర నుంచి తోక మొదలు దాకా, బొటనవేలి వెడల్పున, పలచటి బెల్లం పాకం రంగులో. పక్కకు జరిగి చూశాను, ఉంది. తాడు వదులు చేసి ఎండలోకి లాగి చూశాను, ఉంది. ముంగాలి మోకాళ్ళ పైన మూడు చారలు కూడా ఉన్నాయి. నా పదకొండు పేజీలూ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి.

వంటింటి తలుపు చప్పుడైంది. కంచె మీద ఆరేసిన తువ్వాలు తీసి ఆ వీపు తుడిచాను. గబగబా, అడ్డంగా, బొచ్చు చెదిరిపోయేలా. నా జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పనులు తక్కువ.

అక్క మజ్జిగ గ్లాసుతో వచ్చింది.

"ఏంది తమ్మీ, గుర్రానికి స్నానం చేపిస్తున్నవా? ఇంట్ల ఏనాడన్న పిల్లలకు చేపించినవా?"

"వేడిగా ఉందని అక్కా."

ఆవిడ తడిసిన నేల చూసింది, నా చేతిలో తువ్వాలు చూసింది. గ్లాసు ఇవ్వలేదు.

"తడిపి సూసినవు గదా. నిజం జెప్పు. ఏమన్న కనపడ్డదా?"

"ఏం లేదక్కా. నీళ్ళే."

"నాకైతె పోయినేడు మంచిగ కనపడ్డది తమ్మీ. ఒట్టు. మీరంత నవ్వినంక మల్ల సూడబుద్ధి కాలె. నా కండ్లే ఖరాబైనయేమో." గుర్రం మెడ మీద చెయ్యి వేసింది. "రోజుకు నలభై మందికి సూది గుచ్చుత. నరం దొరక్క ఎవ్వర్నీ రెండోపారి గుచ్చలె. గసుంటి దాన్ని, గింత గుర్రం మీద గీత ఉన్నదో లేదో జెప్పలేకపోతున్న."

"అలా అవుతుంటుంది అక్కా. మనకు కావాలనుకున్నదే కనపడుతుంది."

ఆ మాట అన్నాను నేను. చేతిలో తువ్వాలు ఇంకా తడిగా ఉంది.

"అయితె బేస్తారం డాక్టర్‌ను రమ్మంట. గడువు దగ్గరికొచ్చింది. ఇగ ఎన్నిరోజులు సాగదీస్తం?" అప్పుడు గ్లాసు ఇచ్చింది. "తాగు. ఉప్పు ఎక్కువైతే జెప్పు. అన్నిట్ల తప్పులు పడ్తవు గదా."

తాగాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

ఆ నాలుగు రోజులు నాకు ఏ కష్టమూ రాలేదు. ఆఫీస్‌కి వెళ్ళాను, నిద్రపోయాను. బుధవారం ఫోన్ చేతిలోకి తీసుకుని టైరు సర్వీసుకు అపాయింట్‌మెంట్ బుక్ చేశాను. అంతరాత్మ దహించింది అని రాస్తే బాగుండేది కానీ అది అబద్ధం. నాకు గుర్తొచ్చిందల్లా రేకుల హాల్లో నవ్వు. ఈసారి అది నా మీదికి తిరుగుతుందన్న ఊహ. ఇరవై టోపీల నవ్వుకు భయపడి ఒక జంతువు సంతతిని తెగ్గొట్టనిచ్చాను. భయపడ్డానని కూడా అప్పట్లో అనుకోలేదు, విషయం ముగిసిందనుకున్నాను.

ఆ తర్వాతి వేసవిలో అక్క ఆ గుర్రం వీపు చూసే ఉంటుంది. ఎన్ని వేసవులు చూసిందో. నన్ను ఏమీ అడగలేదు. సంఘానికి చందా కట్టడం మాత్రం మానేసింది. మా ఇంటికి రావడం కూడా తగ్గింది. పాట్‌లక్‌లో నేను ఆ కథ మొదలుపెడితే ప్లేటు తీసుకుని అవతలికి వెళ్ళేది.

ముసలి మగ గుర్రం రెండేళ్ళకే పోయింది. ఎలుక రంగు తల్లి గుర్రం ఇంకో మూడేళ్ళు బతికి, కడుపునొప్పితో ఒక్క రోజులో పోయింది. సంఘం పత్రికలో నాలుగు లైన్లు వేశారు. ఆ పాత రాంచ్ డన్ వరసలో చివరిది అని, ఆ రంగున్న మగ సంతానం దానికి కలగలేదు అని. ఆ రెండో వాక్యం రాసినవాడు నా పదకొండు పేజీలు చూసి రాశాడు. అది సంఘం పుస్తకంలో శాశ్వతంగా ఉండబోతోంది, కింద ఆధారంగా నా పేరు పొడి అక్షరాలతో.

కమిటీకి ఉత్తరం రాయడం సులువే. రాశాను. నా నిర్ణయం తప్పు, గుర్రం డనలీనో, నియమం మీరింది నేను, నిజం తెలిసి దాచింది నేను, కమిటీలో ఇక ఉండను అని. వాళ్ళు రంగు సరిదిద్ది, మీ నిజాయితీకి ధన్యవాదాలు అని జవాబిచ్చారు. నిజాయితీ అట! నా రాజీనామా మీద కూడా ఒకరు విచారం వెలిబుచ్చారు. గ్రాఫులు ఇక ఎవరు గీస్తారని కాబోలు.

అక్కకు మాత్రం మెయిల్ రాసి, చెరిపేసి, మళ్ళీ రాశాను. ప్రతిదాంట్లో మొదటి పేరా వెలుగు కొలతల గురించే ఉంది. అది గమనించాక కార్ తీశాను.

ఆవిడ తొట్టి కడుగుతోంది. జుట్టు సగం నెరిసింది. జున్ను రంగు గుర్రం అదే మెస్కీట్ కింద నిలబడి ఉంది, ఏడేళ్ళది, నెమ్మదైనది. నన్ను చూసినా ఆవిడ గొట్టంలో నీళ్ళు ఆపలేదు.

"ఏంది, చెప్పకుండ వచ్చినవ్? తప్పులు పట్టనీకి ఇంకేం మిగలలేదిక్కడ."

నేను గొట్టం అడిగి తీసుకున్నాను. గుర్రం వీపు మీద పట్టాను. గీత లేచింది, అప్పటికంటే ముదురుగా. ఈసారి తువ్వాలు జోలికి పోలేదు.

"అక్కా, ఆ ఆదివారం ఇది నాకు ఇలాగే కనపడింది. నువ్వు వస్తుంటే తుడిచేశాను. నువ్వడిగితే లేదన్నాను. నీ కళ్ళకేం కాలేదు, అప్పుడూ ఇప్పుడూ. గురువారం డాక్టర్ వస్తాడని తెలిసి కూడా, నన్ను చూసి నవ్వుతారని నోరు మూసుకున్నాను. ఆ తర్వాత నీ మీద నవ్వించాను. తప్పంతా నాది. నన్ను క్షమించు."