బోర్లించిన బేసిన్ కింద అడుగు

ఈ ఉదయం మా కోడలు పాత్రల అంగడి నుంచి కొత్త స్టీలు బేసిన్ తెచ్చి, “అత్తా, ఇంక ఆ పాతదాని మాట ఎత్తొద్దు” అంది. ఎత్తకుండా ఎలా ఉంటాను? అది నా పెళ్ళికి మా మేనత్త పెట్టిన బేసిన్. ఇప్పుడది కోర్టువాళ్ళ గదిలో, అంచుకు చీటీ కట్టించుకుని, ఒక హత్యకేసులో సాక్ష్యంగా కూర్చుంది. అడిగినప్పుడల్లా కేసు తేలనీ అంటారు. కొత్తదాన్ని వేలితో కొట్టి చూశాను. ఆ మోతే లేదు.

మాది చూలైలో పాత మిద్దె ఇల్లు. కింద మేము. పైన ముందు గదిలో మా ఆయనకు చిన్నాయన, నాకు చిన్నమామ. టోకు అంగళ్ళకు లెక్కలు రాసి రాసి వీపు వంగిపోయిన ఒంటరి మనిషి. వెనక గదిలో వరంగల్ నుంచి వచ్చిన అబ్బాయి అద్దెకుండేవాడు. కంప్యూటర్ ఉద్యోగం, రాత్రి డ్యూటీ. ఎవరు రావాలన్నా పోవాలన్నా ఒకటే వాకిలి. ఆ వాకిట్లో తెల్లవారకముందే నీళ్ళు చల్లి ముగ్గు వేస్తాను. ఉత్త రాతిపిండి కాదు, చీమలైనా తింటాయని సగం బియ్యప్పిండి కలుపుతాను. “మా ఒదిన చీమల్ని మేపతాది” అని మా ఆడబిడ్డ పెళ్ళిపందిట్లో పదిమంది ముందు నవ్వింది. అదీ గుర్తుంది. ఆ అబ్బాయి నేను చివరి గీత గీసి లేచే వేళకు వచ్చి, ఫోన్ చూసుకుంటూ బూట్లతో ముగ్గు మీదే నడిచిపోయేవాడు. ఒకసారి అడిగేశాను. “బాట మీద ముగ్గేస్తిరి, గాల్ల ఎగురుకుంట పోవాల్నా ఆంటీ?” అన్నాడు. పైనుంచి విన్న చిన్నమామ పకపకా నవ్వాడు. పోలీస్ స్టేషన్‌కు కూడా పోయాను. అక్కడి కానిస్టేబులు నాకు టీ తాగించి పంపేశాడు. ఆ టీలో చక్కెర కూడా లేదు.

ఆ రోజు ముగ్గు వేసి, పాలు దించి వచ్చేసరికి పద్మం నడిమధ్యన ఒక అడుగు. దాని ముందుకొస వీధివైపు. కోపంలో సరిగా చూడనైనా లేదు. ఇంకెవరిదవుతుంది? ఈసారి మా ఆయనకు కళ్ళారా చూపించాలని, గాలికి చెదరకుండా దానిమీద బేసిన్ బోర్లించి ఇటుక పెట్టాను. ఆయన స్నానం చేసి, చిన్నమామకు కాఫీ పట్టుకుని పైకి పోయాడు. ఆ తర్వాత విన్న కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చిన్నమామ తల పగిలి నేలమీద పడి ఉన్నాడు. మెడలో గొలుసు లేదు. కేకకు లేచి పరిగెత్తుకొచ్చిన వెనకగది అబ్బాయి ఆయన్ని ఒళ్ళోకి ఎత్తుకున్నాడు. ప్రాణం పోయింది, అబ్బాయి చొక్కా నిండా రక్తం మిగిలింది.

పోలీసులకు ఆ చొక్కా చాలింది. అబ్బాయిని మెట్లకింద నిలబెట్టారు. “ఆంటీ, ఇయ్యాల తొందరగ వచ్చిన. మీరు ముగ్గెయ్యకముందే పండుకున్న. జర మీరన్న చెప్పుండ్రి” అన్నాడు. బేసిన్ కింద ఉన్నది అతని బూటైతే అతను చెప్పేది అబద్ధం. అతని మెడకు ఉరి నా చేత్తో నేనే తెచ్చినట్టు. కాకపోతే, నేను ముగ్గు వేశాక ఇంకెవరో ఈ ఇంట్లోంచి బయటికి పోయారు. ఎత్తి చూద్దామంటే సముద్రపు గాలికి ఎక్కడ చెదిరిపోతుందోనని భయం. పోయి చెప్పాను. ఆనాడు టీ తాగించి పంపిన కానిస్టేబులే ఎదురయ్యాడు. “మరుబడియుం కోలమామ్మా?” అన్నాడు అరవంలో, మళ్ళీ ముగ్గు గొడవేనా అని.

అంతలో తొండియార్‌పేట నుంచి ఆటోలో ఆడబిడ్డ దిగింది. ఏడుస్తూనే వాకిలి చూసింది. “శవాన్ని ఇంట్లో పెట్టుకోని వాకిట్లో ముగ్గా ఒదినా? ఈడ ఎవురికీ బుద్ధి లేదా? నీళ్ళు తేండి!”

“కడిగెయ్యే, మనకేల ఈ తంటా?” అన్నాడు మా ఆయన.

“కడగను” అన్నాను.

“నీకు మా చిన్నాయన పోయినాడని లేదు. ఆ పిలగాడి మీద కసి, అంతే!” అంది ఆడబిడ్డ, బకెట్ చేత్తో పట్టుకుని. పీట తెచ్చుకుని, ఇటుక మీద చెయ్యి పెట్టి అక్కడే కూర్చున్నాను. చావింట్లో ముగ్గుకు కాపలా కాసిందని చుట్టాలందరూ చెప్పుకున్నారు.

ఫోరెన్సిక్ వాళ్ళ వ్యాను ఎప్పటికో వచ్చింది. పైన బీరువా తలుపుకు బ్రష్షుతో పొడి అద్ది వేలిముద్రలు తీశారు. అబ్బాయి చొక్కా విప్పించి కాగితం కవరులో పెట్టారు; ప్లాస్టిక్‌లో అయితే చెమ్మకు రక్తం పాడవుతుందట. వాళ్ళకు పెద్ద ఒక ఆడమనిషి, మా కోడలి వయసు. ఆమె ఒక్కతే నా మాట చివరిదాకా వింది. బేసిన్‌ను నిట్టనిలువుగా ఎత్తింది. పక్కన కొలబద్ద పెట్టి, టార్చి నేలకు ఆనించి పక్కనుంచి వెలుగు వేయించి ఫోటోలు తీసింది. అప్పుడు చూశాను: గుండ్రటి గుండ్రటి అచ్చులు, మడమ దగ్గర అడ్డంగా ఒక కోత. అబ్బాయి బూట్లు తెప్పించారు. వాటి అడుగున అన్నీ గీతలే. “అతనిది కాదు కదూ?” అన్నాను. “ల్యాబులో చూడకుండా చెప్పకూడదమ్మా” అంది. నల్లటి అంటురేకు పరిచి, అదిమి, మెల్లగా లేపింది. నా పద్మం దానిమీద తెల్లగా లేచి వచ్చింది. నా ముగ్గుడబ్బాలోంచి కాస్త పిండి, ఆ బేసిన్ కూడా పట్టుకుపోయారు.

అబ్బాయిని మాత్రం వదల్లేదు. ఆ మడమ కోత నేను నిజంగా చూశానా, చూడాలనుకున్నానా అని నన్ను నేనే అడ్డప్రశ్నలు వేసుకునేదాన్ని. చివరికి బీరువా మీది వేలిముద్రలతో దొరికినవాడు, ఆ మధ్య మా నీళ్ళ మోటారు బాగుచేసి పోయినవాడు. ఆ పనికి వచ్చిననాడు చిన్నమామ వాడికి తన గ్లాసులోనే కాఫీ పోసిచ్చాడు. చెప్పు మడమకు అదే కోత, అచ్చుల సందుల్లో రాతిపిండి, బియ్యప్పిండి. సగానికి సగం. ఆడబిడ్డ మళ్ళీ చీమల మాట ఎత్తలేదు. తప్పయిందని కూడా అనలేదు.

అబ్బాయి తిరిగొచ్చిన పొద్దు, బూట్లు చేతబట్టుకుని, గోడవారగా ముగ్గు చుట్టూ తిరిగి లోపలికి వచ్చాడు. “కడగనియ్యలేదంట గద ఆంటీ” అన్నాడు. ఇంకేదో చెప్పబోయి ఏడ్చాడు. కాఫీ ఇచ్చాను. గది ఖాళీ చేసేదాకా అలాగే గోడవారగా నడిచాడు. ఆ గాల్లో ఎగిరే మాటకు మాత్రం క్షమించమనలేదు.

కాలం అన్నిటినీ తుడిచేస్తుందని మా కోడలు అంటుంది. నా విషయంలో అది బోర్లించిన బేసిన్‌లాగే పనిచేసింది. కింద ఉన్నదేదీ చెదరలేదు.