శుక్రవారం అరబ్బీ బడి

పోయిన బుధవారం పొద్దున ములకలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. అక్క చనిపోయింది. సొంత అక్క కాదు, కాలరీ క్వార్టర్లలో మా పక్కింటి అక్క. నలభై రెండేళ్లు. అడవి పల్లెల్లో ఏటా వచ్చే జ్వరమే వచ్చింది. దవాఖానాకు తీసుకపోతే డాక్టరు సెలవులో ఉన్నాడు. ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. అందుకే నాకు మండుతోంది.

మర్నాడు పేపర్లో నాలుగు వాక్యాల వార్త వేశారు. త్యాగమూర్తి అట, సేవకు మారుపేరు అట. ఆమె త్యాగమూ చేయలేదు, సేవా చేయలేదు. పాఠం చెప్పింది. పాఠం చెప్పడానికి అంత పెద్ద పేరు పెట్టేస్తే ఇక మిగతావాళ్లెవరూ ఆ పని చేయనక్కర్లేదు. ఆ సదుపాయం కోసమే ఇలాంటి మాటలు పుట్టాయని నా అనుమానం.

వాళ్లది క్రైస్తవ కుటుంబం. తండ్రి బొగ్గుబాయి కార్మికుడు. ఆమె హైదరాబాదులో డిగ్రీకి అరబ్బీ తీసుకున్నదని తెలిసి చర్చిలో ఒక రకంగా, టీ కొట్టు దగ్గర ఇంకో రకంగా మాట్లాడుకున్నారు. నేనూ ఊరుకోలేదు. మతం మారుతున్నవా అక్కా అని ఎగతాళి చేశాను. ఆమె నవ్వింది.

"మా నాయన ముప్పై ఏండ్లు బాయిల దిగిండు తమ్మీ. నోటీసు బోర్డు మీద ఏం రాసిన్రో పక్కోడు చెప్తేనే తెలిసేది. ఇప్పుడు మన ఆడోళ్లు పనికి పోయే గల్ఫ్ దేశాల కాడ బోర్డు అరబ్బీల ఉంటది."

తర్వాత స్కాలర్‌షిప్ వచ్చింది. అరబ్బీలో పైచదువుకు కువైట్ వెళ్లింది. వెళ్లిన మూడో నెలకే అక్కడ ఇండ్లల్లో పనిచేసే మన ఆడవాళ్లకు బడి పెట్టింది. బడి అంటే చర్చి వెనక విరిగిన కుర్చీలు పడేసే గది. అక్కడ వారం సెలవు శుక్రవారం కాబట్టి చర్చి ప్రార్థన కూడా ఆ రోజే ఉంటుంది. ప్రార్థనకు పోతానంటే చాలామంది యజమానురాళ్లు రెండు గంటలు వదిలేవాళ్లు. చదువుకుంటానంటే వదలరు. అందుకని హిందువులు కూడా ప్రార్థన పేరు చెప్పి, బొట్టుబిళ్ల తీసి సెల్‌ఫోన్ వెనక అంటించుకుని వచ్చేవాళ్లని నాకు ఉత్తరం రాసింది. దేవుణ్ణి నమ్మని నాకు ఆ ఉత్తరం చదివి ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఆమె బోధన వరసే వేరు. అక్షరమాల మొదటి రోజు చెప్పేది కాదు. ముందు 'నా పాస్‌పోర్టు నాకు ఇవ్వండి' అనే వాక్యం. ఆ తర్వాత ఒప్పంద కాగితంలో ఉండే మాటలు: జీతం, సెలవు, దవాఖానా. ఆ మాటల్లోంచి అక్షరాలు విడదీసేది. నోటుబుక్కు ఇంటికి తీసుకపోనిచ్చేది కాదు, దొరికితే మనిషికి ముప్పు. పెన్నుతో అరచేతిలో రాయించేది. పోయేముందు అందరూ వరసగా నిలబడి చేతులు కడుక్కునేవాళ్లు. తన చదువు కంటే ఈ రెండు గంటల దగ్గరే తనకు అరబ్బీ వస్తున్నదని ఒక ఉత్తరంలో రాసింది. వాళ్లు యజమానురాళ్ల నోట విన్న తిట్లన్నీ తెచ్చి అర్థం అడిగేవాళ్లట. ఆ తిట్లు యూనివర్సిటీ డిక్షనరీలో లేవట.

ఆ ఉత్తరాలు నా దగ్గరకే వచ్చేవి. నేను అప్పుడు ఖమ్మంలో ఒక చిన్న పత్రికకు రాస్తున్నాను. ఆడవాళ్లను గల్ఫ్‌కు పంపే ఏజెంట్ల మీద పెద్ద వ్యాసం రాశాను. వాళ్లు ఏ కాగితం మీద వేలిముద్ర వేయిస్తున్నారో, అందులో నిజంగా ఏముందో రాశాను. ఒక్క అబద్ధం లేదు. చివర్లో, మీ ఎత్తులు ఇక సాగవు, కువైట్‌లో చర్చి వెనక గదిలో శుక్రవారం శుక్రవారం మా ఆడవాళ్లు మీ కాగితాలు చదవడం నేర్చుకుంటున్నారు అని సవాలు విసిరాను. ఆ వాక్యం రాసిన రోజు నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు.

మన దగ్గరి ఏజెంటే ఎవడో చదివాడు. అక్కడికి ఫోన్లు పోయాయి. కొందరికి శుక్రవారం సెలవు పోయింది. చర్చివాళ్లు భయపడి గదికి తాళం వేశారు.

ఫోన్‌లో అక్క గొంతు పెంచలేదు. "నువ్వు రాసింది నిజమే తమ్మీ. కానీ దెబ్బ ముందు ఎవలకు తాకుతదో చూసి రాయాలె గద" అంది. ఆ తర్వాత అమ్మ ఆరోగ్యం ఎట్లుందని అడిగింది.

చదువు ముగించుకుని వచ్చి ములకలపల్లి అవతలి గూడెంలో బడిపంతులమ్మగా చేరింది. పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడతారు కాబట్టి ముందు తాను వాళ్ల దగ్గర కోయ నేర్చుకుంది. అప్పటినుంచి నా ప్రతి వ్యాసం అచ్చుకు ముందు బస్సులో ఆమెకు పంపేవాణ్ణి. విశేషణాల జోలికి పోయేది కాదు. ఊరి పేరు, మనిషి పేరు ఉన్నచోట పెన్సిలుతో చిన్న గీత గీసి పంపేది, అంతే. కానీ అప్పటి వ్యాసం వల్లే బడి మూతపడిందని నేను ఎక్కడా ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఏజెంట్లు సంబరపడతారని వాదించుకున్నాను. వాదన బాగానే ఉండేది. నిద్రే సరిగ్గా పట్టేది కాదు.

సమాధి దగ్గర అందరూ మట్టి వేసి వెళ్లాక ఒకామె మిగిలింది. చండ్రుగొండ వైపు ఆమె, కువైట్‌లో ఆ గదిలో చదువుకున్నదట. రోడ్డు మీద బస్సు కోసం ఇద్దరం నిలబడ్డాం. ఆ బడి మూతపడింది నా వల్లే అని చెప్పేశాను. ఆమెకు అర్థం కాలేదు. గది రిపేరు అని టీచరమ్మ అన్నదే అంది. అక్క వాళ్లకు నా పేరే చెప్పలేదు. అప్పుడు మొత్తం చెప్పాను. ఆమె కొంగు సర్దుకుంటూ విన్నది.

"నేను మూడు శుక్రవారాలు పోయిన సారూ. తాళం చూసి మల్లొచ్చిన. రాసినోనివి నువ్వే గద, మల్ల తెరిపియ్యకపోయినవా?"

చండ్రుగొండ బస్సు వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది ఆమెకు. బస్సు కదిలాక కూడా తల బయటికి పెట్టి, జవాబు ఇంకా వస్తదేమోనన్నట్టు నా వైపే చూస్తూ పోయింది.