పంపు నర్సింగం చేసిన సమ్మె

గోదావరిఖనిలో జీవితంలో ఒక్కసారి కూడా సమ్మె చేయని కార్మికుణ్ని చూపించమంటే జనం రెండు పేర్లు చెప్పేవారు. ఒకటి పంపు నర్సింగం, రెండోది ఫ్యాను అలీముద్దీన్. ఇద్దరూ పిరికివాళ్లు కారు. కంపెనీ మనుషులు అంతకన్నా కారు. వాళ్లను సమ్మె చేయనివ్వనిది యూనియనే.

కారణం నీళ్లు, గాలి. భూగర్భ గనిలో బొగ్గు తవ్వడం ఆగినా నీళ్లు ఊరడం ఆగదు. పంపు ఆపితే గని మునుగుతుంది, ఫ్యాను ఆపితే లోపల గ్యాసు నిండుతుంది. సమ్మె గెలిచాక తిరిగి వెళ్లడానికి గని మిగలాలి. అందుకే ప్రతి సమ్మెలోనూ షిఫ్టుకు ఒక పంపు మనిషినీ ఒక ఫ్యాను మనిషినీ యూనియనే పేరు పెట్టి డ్యూటీకి పంపుతుంది. గేటు ముందు నినాదాలిచ్చేవాళ్లే పక్కకు జరిగి వాళ్లకు దారి ఇస్తారు.

అలీముద్దీన్‌కు దీంతో ఏ ఇబ్బందీ లేదు. ఫ్యాను హౌజు నేలమీదే ఉంటుంది, నీడ ఉంటుంది, చాయ్ దొరుకుతుంది. నర్సింగం సంగతి వేరు. మంథని దగ్గరి పల్లె నుంచి వచ్చి బొగ్గుబాయిలో చేరిననాడు అతనితో పాటే ఎల్లేశం చేరాడు. ఇద్దరినీ పంపు మీదే వేశారు. ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవారు. కొన్నేళ్లకు ఎల్లేశం గొంతు పంపు చప్పుడును దాటి వినిపిస్తోందని అందరికీ తెలిసింది. అతను పంపు వదిలి మైకు పట్టాడు, ఆ గనికి యూనియన్ పిట్ సెక్రటరీ అయ్యాడు. నర్సింగం మాత్రం ఆ చీకట్లో పంపు పక్కనే ఉండిపోయాడు.

సమ్మె అంటే కార్మికవాడలో కష్టమే, కానీ దాంట్లో పండుగ కూడా ఉంటుంది. మగవాళ్లు పగటిపూట ఇంట్లో కనిపిస్తారు. పేకాటలు, పంచాయితీలు, ఊరి ప్రయాణాలు. ఆ తర్వాత ఏళ్ల తరబడి కథలు. పోలీసులు తరిమితే ఎవరు ఎవరి క్వార్టర్‌లో బియ్యం డబ్బా వెనుక దాక్కున్నారు, ఎవరి లుంగీ ముళ్లకంపకు చిక్కింది. కల్లు దగ్గర ఈ కథలు మొదలైతే నర్సింగం కూడా నోరు తెరిచేవాడు. వెంటనే ఎవరో ఒకరు, నువ్వు డ్యూటీల ఉంటివి గదనే అనేవారు. ఆ నోరు మళ్లీ మూసుకునేది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. నర్సింగం ఆ యేడాది చివరికి రిటైరై దిగిపోవాలి. ఇది తప్పితే ఇంకో సమ్మె దొరకదని అతనికి తెలుసు. పైగా ఇదేమో మామూలు సమ్మె కాదు. సార్లు బడులు మూశారు, బస్సులు డిపోలు దాటలేదు, వకీళ్లు నల్లకోట్లతో రోడ్డు మీద అన్నం వండారు, గొల్లవాళ్లు గొర్లను తోలుకొచ్చి చౌరస్తాలో నిలబెట్టారు. ఆ గొర్లు కూడా సమ్మెలో ఉన్నాయని మైకులో ప్రకటించారు. లోకమంతా పని మానేసిన ఆ రోజుల్లో నర్సింగం ఒక్కడే టిఫిన్ పట్టుకుని, తలవంచుకుని, గేటు దగ్గరి సమ్మె శిబిరం ముందు నుంచి డ్యూటీకి పోయేవాడు.

అప్పుడే బతుకమ్మ దినాలు. ఆడవాళ్లు గేటు ముందు రోడ్డు మీదే ఆడుతున్నారు. ఒకనాడు పొద్దున అతను దాటుతుండగా వలయంలో ఒక గొంతు కొత్త వరుస అందుకుంది. ‘సమ్మె అందరిదట ఉయ్యాలో, మా ఇంటాయనది గాదట ఉయ్యాలో.’ ఆ గొంతు అతని భార్య పూలమ్మది. మిగతావాళ్లు చప్పట్లు తప్పకుండా అందుకున్నారు. శిబిరంలో కూర్చున్నవాళ్లు అందుకున్నారు. డప్పు అందుకుంది. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్ బూటు కూడా తాళం వేసిందని చూసినవాళ్లు చెబుతారు.

డ్యూటీ దిగి వచ్చాక నర్సింగం భార్యను నిలదీశాడు. నలుగురిలో పరువు తీస్తావా అన్నాడు.

“పాట గట్టిన,” అంది పూలమ్మ. “అబద్ధం గట్టిన్నా?”

నర్సింగం నేరుగా శిబిరానికి వెళ్లి, ఒక్క రోజు తననూ సమ్మెలో కూర్చోనివ్వమని ఎల్లేశాన్ని అడిగాడు. ఎల్లేశం భుజం మీద చెయ్యి వేసి, నువ్వే మా బలం బావా అన్నాడు. ఆ బలాన్ని ఒక్కరోజు నీ దగ్గర పెట్టుకొమ్మన్నాడు నర్సింగం. మిగతా రెండు షిఫ్టుల పంపు ఆపరేటర్లను అడిగి చూశారు. వాళ్లు అదనపు డ్యూటీ చేయం, అతను కూర్చుంటే మేమూ కూర్చుంటం అన్నారు. ఎల్లేశం ఖరాకండిగా కుదరదన్నాడు. అయితే నేను యూనియన్ మీదనే సమ్మె చేస్తానన్నాడు నర్సింగం.

ఎల్లేశం అప్పుడు ఒక మాట అన్నాడు. నీళ్లు తోడే పని అత్యవసరమైనదట, ముందుగా నోటీసు ఇవ్వకుండా మానితే చట్టవిరుద్ధమట. అది నోట్లోంచి వచ్చాక గానీ, అదే మాట కంపెనీ నోటీసు బోర్డు మీద అంటించి ఉందని అతనికి గుర్తు రాలేదు. ఆ కాగితం ఉరితాడు లాంటిదని అతనే మైకులో రోజూ చెబుతున్నాడు. శిబిరంలో చాలామంది ఒకేసారి దగ్గారు.

“బావా, పని బందు పెట్టే హక్కు లేనోడు పని చేస్తుండో, కట్టేస్తే పడి ఉన్నడో ఎట్ల తెలుస్తది?” అన్నాడు నర్సింగం. “నాకు దిగిపోయేలోపట తెల్వాలె.”

మర్నాడు పొద్దున షిఫ్టు వేళకు అతను గేటు ముందుకు వచ్చాడు. కానీ లోపలికి పోలేదు. శిబిరానికి ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్కన చాప పరిచి, నల్లగొడుగు తెరిచి, కింద కూర్చున్నాడు. ఆ గొడుగే అతని శిబిరం. డిమాండ్ ఏమిటని అడిగితే సమ్మె చేసే హక్కు అన్నాడు. అయితే ఇప్పుడు చేస్తున్నదేమిటని అడిగారు. అది సమ్మె కోసం చేసే సమ్మె అట. దీన్ని అర్థం చేసుకోవడానికి జనం రోడ్డుకు ఇవతలి నుంచి అవతలికీ, అవతలి నుంచి ఇవతలికీ తిరగసాగారు. కాసేపటికి చిన్న గొడుగు కిందే ఎక్కువ రద్దీ కనిపించింది.

కింద రాత్రి షిఫ్టు పంపు మనిషి తన బదులు ఎవరైనా వస్తారని ఎదురుచూస్తున్నాడు. కంపెనీ తరఫున గని చూసే అండర్ మేనేజర్ ఉరుకుతూ బయటికి వచ్చాడు. కొత్తగా చేరిన కుర్రాడు, సమ్మె మొదలైననాటి నుంచి నిద్ర లేనివాడు. ఏం కావాలో తేల్చుకోండి, నాకు పంపు నడవాలి అన్నాడు. మాక్కూడా నడవాలె సార్ అన్నాడు ఎల్లేశం. అలా యూనియనూ కంపెనీ రోడ్డుకు ఒకే పక్కన నిలబడి, ఒకే మనిషిని, ఒకే మాటగా డ్యూటీకి పొమ్మని బతిమాలాయి. అది చూసిన డప్పు కుర్రాళ్లు ఆపుకోలేక దరువు మొదలుపెట్టారు.

రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోతున్న అలీముద్దీన్ ఆ గుంపు చూసి ఆగాడు. సంగతి విన్నాడు. గడ్డం గోక్కున్నాడు.

“ఇంత పరేషాన్ ఎందుకు? ఎల్లేశమన్నకు పంపు నడుపుడు వస్తది గద,” అన్నాడు.

ఆ మాటకు లేచిన కేకకు కరెంటు తీగ మీది పావురాలు లేచిపోయాయి. ఎల్లేశం తనకు శిబిరం పనులున్నాయన్నాడు. మోకాలు నొప్పి అన్నాడు. పూలమ్మ ఆడవాళ్ల వైపు తిరిగి గొంతు సవరించుకుంది. పాట మొదలు కాకముందే ఎల్లేశం ఒప్పుకున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతోనే టోపీ, లైటు పెట్టుకున్నాడు. నర్సింగం బూట్లు అతనికి బిగుతయ్యాయి. సమ్మె నాయకుడు సమ్మె నాడు డ్యూటీకి పోతుంటే శిబిరం మొత్తం లేచి నిలబడి, కార్మికుల ఐక్యత వర్ధిల్లాలని అరిచింది.

నర్సింగం గొడుగు ముడిచి పెద్ద శిబిరంలోకి వచ్చాడు. మెడలో బంతిపూల దండ వేశారు. మైకు ఇచ్చారు. ఇన్నేళ్లు పంపు పక్కన అరిచి అరిచి మాట్లాడిన మనిషి, మైకు అక్కర్లేని గొంతుతో మైకులో నినాదం ఇచ్చేసరికి స్పీకరు కుయ్యిమని చచ్చిపోయింది. దాన్ని బాగుచేసేలోపు అతను డప్పు ముందు ఆడాడు, కిచిడీ తిని మళ్లీ పెట్టించుకున్నాడు, పేకాటలో కూర్చుని ఓడిపోయి నవ్వాడు. ఆఖరికి కానిస్టేబుల్ దగ్గరికి పోయి, నన్ను జెరంతసేపు అరెస్టు చేస్తవా బిడ్డా అని అడిగాడు. ఎండలో తిరగకు కాకా అని అతను కుర్చీ వేశాడు.

పొద్దు నడినెత్తికి రాకముందే అండర్ మేనేజర్ మళ్లీ వచ్చాడు. కింద పంపు తిరుగుతోంది గానీ నీళ్లు ఎత్తడం లేదట. ఏం చేయాలో ఫోనులో ఎల్లేశానికి చెప్పాడట. ఆపి, పంపు నిండా నీళ్లు పోసి, గాలి పోనిచ్చి మళ్లీ తిప్పమన్నాడట. ఎల్లేశం వినడం లేదు. సమ్మె నడుస్తుండగా ఆఫీసరు చెప్పిన మాట వింటే యూనియన్ పరువు ఏం కావాలి అంటున్నాడట. నర్సింగం చెబితేనే చేస్తాడట.

“నేను సమ్మెల ఉన్న సార్,” అన్నాడు నర్సింగం. “పని ముచ్చట నాకు చెప్పద్దు.”

కూసోండ్రి సార్ అని నర్సింగం చాప మీద చోటిస్తే అండర్ మేనేజర్ కూర్చున్నాడు. ఎవరో చాయ్ గ్లాసు చేతిలో పెట్టారు. ఇంతలో స్పీకరుకు ప్రాణం వచ్చింది. అండర్ మేనేజర్ గారు సమ్మెకు సంఘీభావంగా శిబిరంలో కూర్చున్నారని మైకు ఊరంతటికీ చెప్పింది. అతను లేచిన తీరుకు చాయ్ ముగ్గురి మీద పడింది.

నవ్వులు తగ్గాక అందరూ నర్సింగాన్ని చూశారు. కింద నీళ్లు పెరుగుతున్నాయి. ఇన్నేళ్లలో తన కోసం ఎవరైనా ఇలా పరుగెత్తుకు రావడం అతను ఎరగడు. అతనుండగా పంపు ఆగింది లేదు కాబట్టి ఆ అవసరమే రాలేదు. ఫోనులో మాట చెప్పడం పని కిందికి వస్తుందా రాదా అని శిబిరంలో వాదన లేచింది. కొందరు అది ముచ్చటే అన్నారు. చెబితే సమ్మె విరిగినట్టే అని కొందరు చేతులెత్తారు. నర్సింగం పూలమ్మ వైపు చూశాడు.

“నన్నేం చూస్తవు?” అంది పూలమ్మ. “సమ్మె పట్టినోడివి నువ్వు. ఇడిస్తె ఇడువు, లేకుంటె ఉండు. నీ ఇష్టమే గద నువ్వు అడిగింది.”

నర్సింగం లేచి పంచె దులుపుకుని మైకు తీసుకున్నాడు. ఈసారి దాన్ని నోటికి మూరెడు దూరంలో పెట్టుకుని, నా సమ్మె విరమించిన అని చెప్పాడు. చప్పట్ల మధ్య ఆఫీసుకు నడిచి ఫోను అందుకున్నాడు. ఎల్లేశం బావా, సార్ చెప్పినట్టే చెయ్యి, అది నేను చెప్తున్న అనుకో అన్నాడు. ఫోను అవతల పంపు చప్పుడు ఆగడం, కాసేపటికి మళ్లీ మొదలవడం విన్నాడు. ఈసారి ఆ చప్పుడు బరువుగా, నీళ్లు ఎత్తుతున్నట్టుగా ఉంది.

ఇక పోనవసరం లేదు, సాయంత్రం దాకా ఎల్లేశం చూసుకుంటాడని అండర్ మేనేజరే అన్నాడు. యూనియన్ వాళ్లూ కూర్చోమన్నారు. నర్సింగం వినలేదు. డప్పు గేటు దాకా వెంట వచ్చింది. బంతిపూల దండ మెడలోనే ఉంది. ఏళ్ల తరబడి అతని ముఖం చూడకుండానే లోపలికి వదిలిన గేటు కాపలా మనిషి ఆనాడు అడ్డంగా చెయ్యి పెట్టాడు.

“ఏంది కాకా, మళ్ల డ్యూటీకేనా? ఎవలు పొమ్మన్నరు?”

“ఎవలు అనలే,” అన్నాడు నర్సింగం. “నేనే పోతున్న.”