పెండింగులో మిగిలిన ముఖం

సాయంత్రం అవుతుందంటే నాకు భయం. మండలం ఆఫీసువాళ్లు మా టెలికాన్ఫరెన్సు ఆ వేళకే పెడతారు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే దాని మూత కూడా తీయకుండా, ఫోను చెవికి ఆనించుకుని కూర్చుంటాను. మండలంలోని ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతూ, ఏ ఊళ్లో ఎన్ని ముఖాలు పెండింగులో ఉన్నాయో అడుగుతారు. మా ఊరి పేరు వచ్చి పోయేదాకా కదలను. అది పోయాక లేచి చూస్తే అన్నం మాడి ఉంటుంది. ఈ మధ్య మా ఇంట్లో మాడిన అన్నం గురించి ఎవరూ మాట్లాడరు, అలవాటైపోయింది.

నేను వరంగల్ దగ్గర ఒక ఊళ్లో ఫీల్డ్ అసిస్టెంటును. ఊళ్లో పని అడిగినవాళ్లకు ఉపాధి హామీ పని చూపించడం, పొద్దున్నే వాళ్ల హాజరు వేయడం నా పని. మావాళ్లు దాన్ని ఇప్పటికీ కరువు పని అనే అంటారు. కరువు ఉన్నా లేకపోయినా ఆ పేరు మారలేదు. చట్టం ఢిల్లీది. దాన్ని నడిపించే ఉత్తర్వులు హైదరాబాదువి. జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి నా దాకా దిగేసరికి అదంతా కరిగి ఒక్క మాట మిగులుతుంది, సాయంత్రానికి పూర్తి కావాలని. ఫోను మాత్రం నాది, అందులో వేసుకునే రీచార్జీ కూడా నాదే. పని అడిగిన పదిహేను రోజుల్లో చూపించకపోతే నిరుద్యోగ భృతి రాష్ట్రమే ఇవ్వాలని చట్టంలో ఉందని మాకు శిక్షణలో చెప్పారు. మేము శ్రద్ధగా రాసుకున్నాం. ఆ భృతి అందుకున్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

నా భయం ఊరికే పుట్టింది కాదు. కొన్నేళ్ల కింద, సమ్మె చేశామని మా అందరినీ ఒక్కసారే తీసేశారు. ఊళ్లోవాళ్లకు పని చూపించే మనిషిని, నాకే పని లేకుండా పోయింది. వరంగల్‌లో బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టాను. పత్తి మిల్లులో దూది దుమ్ము మింగాను. పొద్దున్నే పారలు భుజాన వేసుకుని అందరూ కరువు పనికి పోతుంటే, వాళ్ల కంట పడకుండా తలుపు చాటున నిలబడేదాన్ని. అంత సిగ్గుగా ఉండేది. తర్వాత చాలా కాలానికి పిలిచి మళ్లీ తీసుకున్నారు. పిలిచినవాళ్లే మళ్లీ పొమ్మనగలరని అప్పటినుంచి నాకు బాగా తెలుసు. అందుకే పైనుంచి ఏది చెప్పినా కిందామీదా పడి చేసేస్తాను.

మొన్న చలికాలంలో కొత్త పని దిగింది. కూలీలందరి ముఖాలూ ఫోనులో పట్టాలి, అవి ఆధార్‌లోని ఫొటోలతో కలవాలి. కలిసినవాళ్లు నిజమైన కూలీలు, కలవనివాళ్లు పెండింగు. దొంగ పేర్లు పోవడానికట. మంచిదే, దొంగ పేర్లు పోతే నాకేం బాధ? ఇల్లిల్లూ తిరిగాను. ఫోను ఎత్తగానే ముసలివాళ్లు దానికి చేతులు జోడించేవారు. చేతులు దించమంటే తల కూడా దించేవారు. మధ్యలో కళ్లు ఆర్పమని ఫోను ఇంగ్లీషులో అడుగుతుంది. నేను కండ్లు మూసి తెరువుమంటాను. వాళ్లు మూస్తారు, ఇక తెరవరు, ప్రార్థన అయిపోయిందని ఎవరో చెప్పాలన్నట్టు. నాకు నవ్వు ఆగేది కాదు. అంతలో సాయంత్రం చెప్పాల్సిన లెక్క గుర్తొచ్చి ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయేది.

అట్లా ఊరంతా అయింది. పెద్దమ్మ ఒక్కతే మిగిలింది.

ఆమె నాకు చుట్టం కాదు, వరుస కలుపుకున్న పెద్దమ్మ. మా గోడకు అవతలి ఇల్లు, ఒంటి మనిషి. మేము ఆదివారం చర్చికి పోతాం, ఆమె సమ్మక్కకు మొక్కుతుంది. మా క్రిస్మస్ కేకు ఆమె తింటుంది, ఆమె తెచ్చే మేడారం బెల్లం మా పిల్లలు తింటారు. పత్తి ఏరడానికీ మిర్చి కోతకూ ఆమెను ఇప్పుడు ఏ రైతూ పిలవడు. చెయ్యి నెమ్మదించింది. వచ్చే పింఛను మందులకూ కూరగాయలకూ సరిపోతుంది. వయసు అడగకుండా ఆమెను పిలిచేది కరువు పని ఒక్కటే.

ముఖాలు ఫోనులో పట్టుకుంటూ ఆమె ఇంటి దాకా వచ్చేసరికి తలుపుకు తాళం ఉంది. మేడారం జాతర దగ్గరపడింది కదా, రద్దీ కాకముందే చూసి వద్దామని నలుగురు కలిసి ఆటో మాట్లాడుకుని పోయారట. తిరిగి వచ్చిన రోజు గోడ మీదుగా బెల్లం అందిస్తుంటే చూశాను, నున్నటి గుండు. మామూలుగా ఆడవాళ్లు చాలామంది మూడు కత్తెరలు ఇచ్చి వచ్చేస్తారు. పెద్దమ్మ తలంతా ఇచ్చేసింది. చలికాలంలో బాగుందా అని ఆటపట్టించాను. తల తడుముకుని, గాలి సీదా లోపలికే పోతాందన్నది. ఇద్దరం నవ్వుకున్నాం. మరునాడు ఫోను పట్టుకుని ఆమె ఎదుట కూర్చున్నాకగానీ నాకు సంగతి తెలిసిరాలేదు.

ఆధార్‌లో ఆమె ఫొటో ఎప్పటిదో. ఒత్తయిన జుట్టు, నుదుట రూపాయంత బొట్టు, నిండైన బుగ్గలు. ఇప్పుడు జుట్టు లేదు. బుగ్గలు లోపలికి పోయాయి. ఆపరేషన్ అయిన కన్ను సగమే తెరుచుకుంటుంది. ఫోను ఆమె ముఖం చుట్టూ గీత గీసి, కాసేపు తిరిగి, కలవలేదంది. వెలుతురు చాలలేదేమోనని వాకిట్లోకి తెచ్చాను. కలవలేదు. కొంగు కప్పితే తల మీదిది తీసేయమంది. సవరం పెడదామా అనుకున్నాను, దాన్ని ముడి వేయడానికైనా నాలుగు వెంట్రుకలు ఉండాలి కదా.

నాకు భయం వేస్తే ముందు కోపం వస్తుంది. అదంతా ఆమె మీదికి మళ్లింది. గుండుకు ఇప్పుడే వేళ దొరికిందా, ఈ నెల ఆగితే సమ్మక్క వద్దంటదా, తలంతా ఇచ్చేంత మొక్కు నీకేమున్నదని గట్టిగా అడిగాను. ఆమె కొంగు తల మీదికి లాక్కుంది.

"నిన్ను నౌకరి నుంచి తీసేసిండ్రు సూడు, అప్పుడు మొక్కిన బిడ్డా. మల్ల పెట్టుకుంటే నిండు తల ఇస్తనన్న. పోయిన జాతరకు కంటి ఆపరేషనాయె, పోకపోతి. తల్లి మొక్కు ఇంకెన్నొద్దులు ఆపుకుంట?"

నౌకరి లేని ఆ రోజుల్లో చర్చిలో మోకాళ్ల మీద ఏడ్చి అడిగాను. నా ఏడుపు ఒక్కటే పైకి పోయిందనుకున్నాను. గోడకు అవతల ఇంకొకరు నా కోసం అడుగుతున్నారని తెలియదు. ఆమెను పట్టుకుని ఏడవాలనిపించింది. ఏడవలేదు, ఎందుకంటే భయం అంతకంటే ముందుకు తోసుకొచ్చింది. ఆమె పెండింగులో ఉంటే నా నౌకరికి ముప్పు. ఆమెను తీసేస్తే ఆమెకున్న ఒక్క పనీ పోతుంది.

ఆ వారమంతా పొద్దున్నే మా వాకిట్లోకి వచ్చి కూర్చునేది. పాత ఫొటోలో ఉన్నంత బొట్టు పెట్టుకుని వచ్చేది, బుగ్గలు ఉబ్బించి చూసేది. ఏం చేసినా ఫోనుకు ఆమె కొత్త మనిషే. ఆధార్‌లో ఫొటో మార్పించమని ఎవరో చెబితే వరంగల్ తీసుకుపోయాను. కొత్త ఫొటో దిగింది. అది పైదాకా పోయి మారడానికి టైం పడుతుందన్నారు. ఎంత టైం అంటే చెప్పినవాళ్లకూ తెలియదు.

శనివారం మధ్యాహ్నం మండలం నుంచి మా సారు ఫోను చేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన గొంతులోనూ భయం వినిపించింది. ఆయనను జిల్లా అడుగుతుంది, జిల్లాను హైదరాబాదు, హైదరాబాదును ఢిల్లీ. ఏ రాష్ట్రం వెనకబడిందో ఢిల్లీలో పట్టిక వేసి చూపిస్తారట. ఈ సాయంత్రానికి మండలమంతా సున్నా కావాలమ్మా, మీ ఊరొక్కటే మిగిలిందన్నాడు. కలవనివాళ్లను తీసేయండి, తర్వాత మళ్లీ చేర్చుకోవచ్చన్నాడు. తీసేయడం ఎంత తేలికో, చేర్చడం ఎంత కష్టమో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఊరి పేరుతో పాటు ఫీల్డ్ అసిస్టెంటు పేరు కూడా రాసి పంపమంటున్నారని చెప్పాడు. తీసేయడానికి కారణం కూడా పంపాలి. ఆయన నాకు చదివి వినిపించిన కారణాలు మూడు: చనిపోయారు, ఊరు విడిచి వెళ్లారు, పని వద్దన్నారు. మొక్కు చెల్లించుకున్నారని అందులో లేదు.

ఫోను పెట్టేసి తలెత్తితే పెద్దమ్మ గుమ్మంలో ఉంది. గోడ అవతల నుంచి నా మాటలు విన్నదట. ఏమేం రాయొచ్చంటాండ్రని అడిగింది. దాచలేకపోయాను, మూడూ చెప్పాను. ఆమె గడప మీద కూర్చుని, మార్కెట్లో కూరగాయలు ఏరుకున్నంత నిమ్మళంగా ఆలోచించింది.

"సచ్చిపోయిందని రాయకు బిడ్డా, పింఛను ఆగుతది. ఊరిడిచిందని రాస్తే బియ్యం ఆగుతయేమో. పని వద్దన్నదని రాయి. గదే మంచిగున్నది. ఎవలన్న అడిగితే నేను గట్లనే అన్ననని చెప్త."

పని వద్దని ఆ మనిషి ఎన్నడూ అనలేదు. పెనిమిటి పోయి దినాలు కాగానే తట్ట పట్టుకుని వచ్చింది. కంటికి ఆపరేషన్ అయితే, దవాఖాన వాళ్లు దుమ్ములోకి పోవద్దన్నారని తెలిసి, నాలుగు రోజులు నేనే బలవంతంగా ఇంట్లో కూర్చోబెట్టాను. అప్పుడు నాతో మాట్లాడడం మానేసింది. ఆమె పని వద్దన్నదని నేను పంపాలి. అది నమ్మడానికి అంత పెద్ద గవర్నమెంటులో ఎవరికీ ఇబ్బంది ఉండదు. రాయను పో అని కసురుకున్నాను. నీ నౌకరి జర చూసుకో బిడ్డా అని ఆమె లేచి వెళ్లిపోయింది.

సాయంత్రం ఊళ్ల పేర్లు చదివారు. అన్నీ సున్నా, సున్నా అని పోతున్నాయి. మా ఊరు వచ్చింది. ఒకటి అన్నాను. ఎందుకుందని ఈసారి జిల్లా నుంచి ఎవరో అడిగారు, నాకు తెలియని గొంతు. కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను, వాళ్లకు కనిపిస్తానన్నట్టు.

"ఆమె ఊర్లనే ఉన్నది సార్. పని కావాలంటాంది."

వాళ్లు ఇచ్చిన మూడింట్లో ఆమెకు పనికొచ్చేది ఏదీ లేదని కూడా చెప్పాలనుకున్నాను. అవతల ఎవరో కాగితాలు తిప్పారు. సరే, చూద్దాం అని తర్వాతి ఊరికి పోయారు. ఆ చూద్దాం అన్న మాట ఆదివారమంతా నన్ను తినేసింది. చర్చిలో అందరూ నిలబడి పాడుతుంటే నాకు పదాలు గుర్తుకురాలేదు. సంచిలో ఫోను ఉలిక్కిపడ్డట్టు అనిపించి రెండుసార్లు బయటికి వచ్చాను. ఎవరూ చేయలేదు.

సోమవారం పొద్దున మంచు ఇంకా విడవలేదు. చెరువు అవతలి గుట్ట కింద కందకాల పని నడుస్తోంది. నేను పోయేసరికి పెద్దమ్మ అందరికంటే ముందే వచ్చి, కొంగు గట్టిగా చుట్టుకుని, పార పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. ఫోను తెరిచి చూశాను. పేర్లలో ఆమె పేరు ఇంకా ఉంది, పక్కన పెండింగు అని కూడా ఉంది. నన్ను చూసి రెండడుగులు ముందుకొచ్చింది.

"నౌకరి ఉన్నదా బిడ్డా?"

ఉందన్నాను. అప్పటికి అది నిజమే. మంచిగాయె అని పార తీసుకుని కందకంలోకి దిగింది. తన పేరు సంగతి అడగనే లేదు.